రెండో పూత

పొద్దున్నే మేస్త్రి పేపరు ముందేసుకుని కూర్చున్నాడు. ఒక్క అక్షరం చదివితే ఒట్టు! కళ్లు పేపరు మీద, చెవులు వంటింట్లో. అక్కడ కూతురు కేకుకి క్రీము పూస్తోంది.

"హాయిగా ఆఫీసులో ఫ్యాను కింద కూర్చునేది, ఇప్పుడీ చెమటలేమిటో కనుక్కో" అన్నాడు భార్యతో.

"మూడడుగుల దూరంలో ఉంది, మీరే కనుక్కోండి. పది రోజులుగా మీ ఇద్దరికీ పోస్ట్‌మాన్‌గిరీ చెయ్యలేక చస్తున్నాను!"

పది రోజుల కిందట ఆ పిల్ల ఉద్యోగం మానేసి, కేకులు చేసి అమ్ముతానంది. "అది నిలిచే పని కాదు, మానెయ్" అన్నాడు మేస్త్రి. అప్పట్నుంచీ కూతురి దగ్గర ఆయన నోటికి తాళం పడింది. ముప్పయ్యేళ్లు ఎండలో గోడలకి సిమెంటు పూసినవాడాయన. పని తనకి నచ్చితేనే గోడ కింది మూలన గోటితో చిన్న గీత పెట్టేవాడు. కూతురు మాత్రం నీడపట్టున బతకాలనేది ఆయన ఆశ. ఇవాళ ఆమెకి మొదటి ఆర్డరు. వీధి చివరి దర్జీకి అరవయ్యో పుట్టినరోజట, పదకొండింటికి మనవరాలు వస్తుంది.

"అయ్యయ్యో!" అని వంటింట్లోంచి వినిపించింది.

క్రీమంతా కరిగి పళ్లెంలోకి జారుతోంది. కూతురి కళ్ల నిండా నీళ్లు. "మొదటిదే ఇలా అయితే నాన్న మాటే నిజమవుతుందమ్మా!"

మేస్త్రి ఊరుకుందామనే అనుకున్నాడు. కానీ చెడిపోతున్న పూతను చూస్తూ కూర్చోవడం ఆయన వల్ల అయ్యే పనా? లేచి వెళ్లి కేకు దగ్గర అరచెయ్యి పెట్టాడు.

"ఇంకా వేడిగా ఉంది కదే! ఎండకి కాగిన గోడకి పూత నిలుస్తుందా? గీకెయ్. చల్లారనీ."

"నీకెందుకు నాన్నా? నువ్వు మానెయ్యమన్న పనేగా!"

"అన్నాను. ఈ చేతులు చూడు. కాయలు కాసిన ఈ చేతులు నీకొద్దనే అన్నాను."

"ఇసక కుప్ప మీద కూర్చుని వాటినే చూస్తూ పెరిగాను. ఆఫీసులో మూడేళ్లు చేశాను. ఇదిగో, ఇది నేను చేశానని చూపించుకోడానికి ఒక్కటంటే ఒక్కటి లేదు."

మేస్త్రి తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"పోట్లాట తర్వాత పెట్టుకోండి. ముందా ఫ్రిజ్ తలుపు తియ్యండి" అంది తల్లి.

కేకు చల్లారింది. మేస్త్రి తళతళా కడిగిన తాపీ పట్టుకొచ్చాడు.

"సిమెంటు పూసిన తాపీయా! నా ప్రాణం ఉండగా జరగదు!" అని భార్య లాక్కుంది.

ఇక నోటితోనే పని చేయించాడు. "ముందు పల్చగా ఒక పూత. పొడి రాలకుండా అణుగుతుంది. అది గట్టిపడ్డాక రెండోది. మణికట్టు బిగించకు. పళ్లేన్నే తిప్పు."

కూతురు పళ్లెం తిప్పింది. ఆ మణికట్టు వాటం, పెదవి కొరుక్కోవడం, కన్ను చికిలించి చూసుకోవడం, అన్నీ ఆయనవే. తనకున్న వాటిల్లో ఏది ఇవ్వకూడదనుకున్నాడో, పిల్ల అదే ఏరుకుని తీసుకుంది.

తలుపు చప్పుడైంది. కూతురు కేకుని పెట్టెలోకి దించబోయింది.

"ఆగు. గుర్తు పెట్టవేం?"

ఆమె చెయ్యి ఆగిపోయింది. "అంత బాగుందా నాన్నా?"

"బాగోకపోతే పెట్టమంటానా?"

చెంచా కొసతో కింద మూలన చిన్న గీత పెట్టింది, ఏడుస్తూ, నవ్వుతూ.

మేస్త్రి భార్య వైపు తిరిగాడు. "ఆ వచ్చినమ్మాయికి చెప్పు..."

"మీరే చెప్పండి!"

ఆయన పెట్టె పట్టుకుని స్వయంగా గుమ్మం దాకా వెళ్లాడు. "మా అమ్మాయి చేసిందమ్మా. కోసేముందు, ఆ కింద గుర్తుంది, ఒకసారి చూడండి."