మూడో పిలుపుకే పలకాలి

కర్నూలు పడమటి పల్లెల రోగులు మాత్రమే పేరు పిలిస్తే ఎందుకు ఆలస్యంగా పలుకుతున్నారు, కడప రోగులు ఎందుకు కాదు అని అడుగుతూ వైద్య పత్రికవాళ్లు నా పరిశోధనా వ్యాసాన్ని మూడోసారి తిప్పి పంపారు. స్కిజోఫ్రెనియా మీద పదకొండేళ్ల పని. ఆ మధ్యాహ్నం నాకు ఒళ్లు మండిపోయింది.

పరీక్ష చిన్నదే. శబ్దం చొరబడని చీకటి గదిలో రోగిని కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ తగిలిస్తాం. రికార్డింగ్‌లో తన పేరు వినగానే 'ఆ' అనాలి. ఆలస్యమైతే మెదడు ఇంకా కుదుటపడలేదని రాసి, ఇంటికి పంపకుండా ఆపేస్తాను.

కోసిగి నుంచి వచ్చిన హంపమ్మ నాలుగోసారీ తప్పింది. మూడుసార్లు పిలిస్తే గానీ పలకలేదు. ఇంటి దగ్గర మూడేళ్ల బిడ్డ ఉంది. వాళ్లన్న రంగస్వామి పొద్దున్నుంచీ సంచి సర్దుకుని వరండాలో కూర్చున్నాడు. చెవులు వినపడవా అని ఆమెను కసిరాను.

ఆమె గొంతు తగ్గించింది. "ఇనపడ్తాది మేడం. ఒగసారికే పలకగూడదు. మనిషయితే మల్లా మల్లా పిలుస్తాడు. అది ఒగసారే పిలుస్తాది."

ఏది అంటే, బొటనవేలితో చూపుడువేలి మూడు కణుపులూ లెక్కపెట్టి చూపింది.

పదకొండేళ్లలో ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. దీనికోసం ఎంతమందిని ఆపేశానో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ ఉక్రోషమంతా ఆమె మీదే చూపించాను. నేను కూర్చుని చూపిస్తా, తర్వాత నువ్వూ వెంటనే పలికి ఇంటికి పో అన్నాను. మిషన్ చూసే పరమేష్‌ను నా పేరు పెట్టమని లోపలికి వెళ్లాను.

చీకటి. ఉక్కపోత. నా ఊపిరే నాకు వినపడుతోంది. ఎక్కడిదో తడిమట్టి వాసన... నడివేసవిలో.

"మహాదేవీ..."

చెవి పక్కనే.

"ఆ" అన్నాను.

మళ్లీ పిలవలేదు. చాలాసేపు చూసి బయటికి వచ్చాను.

పరమేష్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "మీరు లోపలికి పోతానే కరెంటు పోయింది మేడం. రికార్డింగ్ పెట్టనే లేదు."

హంపమ్మ నా మొహంలోకి చూసింది. "పలికినారా?"

లేదని తల ఊపాను. ఆమెకు నయమైందని సంతకం పెట్టాను. అన్నాచెల్లెళ్లు వరండా దిగి గేటు వైపు నడిచారు.

"హంపమ్మా."

తెరిచి ఉన్న ఆ గదిలోంచి... నా గొంతు. నేను పెదవి కదపలేదు.

హంపమ్మ ఆగింది. పలకలేదు.

"హంపమ్మా."

ఆమె బొటనవేలు రెండో కణుపు మీదికి జరిగింది. పలకొద్దని అరవబోయాను. నా నోరు తెరుచుకుంది. శబ్దం రాలేదు.

"హంపమ్మా."