పదకొండింటికి ఎనర్వేట్

శత్రు ముఠా వైర్‌లెస్‌లో ఆ ఉదయం దొరికింది ఒక్కటే వాక్యం: ‘ప్రొఫెసర్‌ని పదకొండింటికి ఎనర్వేట్ చెయ్యి.’

“ఎనర్జీ లాంటి మాటే,” అన్నాడు చీఫ్. “ఆయనకి హుషారెక్కిస్తే సభలో నోరు జారి రాడార్ రహస్యం కక్కేస్తాడని వాళ్ల ఆశ. ముఠాలో మనం పెట్టిన ఇంటర్‌ప్రెటర్ కూడా అదే చెప్పింది. ఇవాళ సభలో ఆయన మాటలు అనువదించేదీ ఆమే, పక్కనే ఉంటుంది. నువ్వు కారిడార్ చూసుకో, పిచ్చుకా.”

పిచ్చుక ఆ ఏజెంట్ కోడ్‌నేమ్. వెయిటర్ వేషంలో, కాలర్ కింద మైక్ దాచుకుని, టీ ట్రేతో సభ జరిగే హోటల్ రెండో అంతస్తులో నిలబడ్డాడు. పది యాభైకి కిటికీలోంచి కిందికి చూశాడు. వెనక గేటు దగ్గర అంబులెన్స్. ఇంజన్ ఆన్‌లో ఉంది. వెనక తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి.

ఇక్కడెవరికీ జబ్బు చేయలేదే!

ఇంగ్లీష్ లెక్చరర్ అయిన అక్కకి ఫోన్ చేశాడు.

“అక్కా, ఎనర్వేట్ అంటే ఎనర్జీ ఇవ్వడమేగా?”

“అందరూ బోల్తాపడేది అక్కడేరా. పూర్తిగా రివర్స్. ఒంట్లో సత్తువంతా లాగేయడం. నాలుగు రోజుల జ్వరం మనిషిని ఎనర్వేట్ చేసిందంటాం. అంటే ఇక లేవలేడు... ఏమైందిరా?”

ఫోన్ పెట్టేశాడు. భాషే వృత్తిగా ఉన్న ఇంటర్‌ప్రెటర్‌కి ఈ అర్థం తెలియకపోదు, కావాలనే తప్పు చెప్పింది! పదకొండుకి రెండు నిమిషాలు తక్కువ.

“ఇంటర్‌ప్రెటర్... వాళ్ల...” నాలుక పిడచగట్టుకుపోయి మైక్‌లో సగం మాటే పలికింది. పరుగెత్తాడు. కారిడార్ చివరి తలుపు భుజంతో తోశాడు.

ముత్యాల దుద్దులు, చెదరని లిప్‌స్టిక్, తీయని చిరునవ్వు. ఇంటర్‌ప్రెటర్ అందించిన కాఫీ కప్పు ప్రొఫెసర్ పెదవుల దగ్గర ఉంది.

ట్రేతో సహా మీద పడ్డాడు. కప్పు గోడకి కొట్టుకుని ముక్కలైంది. ప్రొఫెసర్ లేచి తన కుర్చీ వెనక నక్కాడు.

ఆమె నవ్వు చెదరలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పెన్ తీసి నొక్కింది. చివర సూది మెరిసింది.

“మీ ఆఫీసులో డిక్షనరీ కూడా ఉందన్నమాట!”

సూది పిచ్చుక మెడకి బెత్తెడు దూరంలో ఉంది. కళ్లు గట్టిగా మూసుకుని, చేతికందిన టీ కెటిల్ విసిరాడు. కెవ్వున కేక. పెన్ కింద పడింది. ఆ సగం మాట విన్న గార్డులు అప్పుడే లోపలికి దూసుకొచ్చారు. ప్రొఫెసర్‌ని ఎత్తుకెళ్లడానికి వచ్చిన అంబులెన్స్‌ని గేటు దాటకముందే పట్టుకున్నారు.

“శభాష్!” చీఫ్ భుజం తట్టాడు. “వారం రోజులు సెలవు తీసుకో.”

“సెలవు సంగతి తర్వాత సార్,” అన్నాడు పిచ్చుక, గోడ పట్టుకుని. “ముందు ఓ కుర్చీ ఇప్పించండి.”