పల్లకీ కింద గుంత

అయ్యలారా, అమ్మలారా, ద్వారం దాటిన ప్రతి బండికీ వీధుల బాగుకని వీధిసుంకం వసూలు చేసిన వేణుగిరిలో, ఆ వీధి మీదనే బండి ఎందుకు కూలబడవలసి వచ్చింది?

ఏడు బురుజుల కోటతో, వెన్నెలవంటి మేడలతో తలెత్తి నిలిచిన ఆ రాజధానిని శత్రుసేనలు చుట్టుముట్టి ఇరువది దినములైనది. తూర్పు ద్వారాన్ని కాచుచున్న సేనాని గొంకనాయకుడు కొలువుకు వచ్చి, చేతులు జోడించి, నాలుగవసారి అదే విన్నపం చేసెను.

"మహాప్రభూ! ఆయుధశాల నుండి నా ద్వారానికి ఉన్నది గానుగవీధి ఒక్కటే. అందులో చక్రాలు మునిగే గుంతలున్నవి. వీధిసుంకంతో రాళ్లు పరపించండి. అమ్ములు అందకపోతే నా వారు దేనితో పోరాడుదురు?"

మంత్రి నాగదేవుడు నవ్వెను. ఆ సుంకమంతా అతడు కట్టించిన విజయతోరణానికి బంగారు రేకై చాలాకాలమైనది.

"సేనానికి గుంతల భయం పట్టుకున్నది! నిన్ననే ప్రభువులు ఆ వీధిన ఊరేగిరి. ఒక్క కుదుపైనా తగిలినదా, ప్రభూ?"

"లేదే!" అనెను తిప్పరాజు. నిజమే చెప్పెను.

ఎలా తగులుతుంది? గుంతలో కాలు దించిన బోయీ పల్లకీ కొమ్మును అరచేతుల మీదికెత్తి సమంగా నిలుపును. రాజుగారి తాంబూలపు పళ్లెమైనా కదలదు. ఆ విద్య నేర్పిన పెద్దబోయీ పోలయ్య సభ మూలన నిలబడి అంతా వినెను. విని, మళ్లీ పల్లకీ దగ్గరకే పోయెను.

మరునాడే శత్రువులు తూర్పు ద్వారం మీద విరుచుకుపడిరి. రాజు పల్లకీలో బయలుదేరి గానుగవీధికి వచ్చుసరికి, ముందరి బండి గుంతలో ఒరిగిపోయి, వెనుక ఆరు అమ్ముల బండ్లు నిలిచిపోయి ఉండెను.

"ఆపితివేమిరా?"

"దిగండి ఏలికా!" అన్నాడు పోలయ్య. "పదేళ్లుగా ఈ గుంత తమకు తెలీకుండా మోసినాం. మా భుజాలు చేసిన పాపమిది. ఇక మా వల్ల కాదు."

రాజు దిగెను. మోకాలి లోతు బురద! బోయీలు ఒరిగిన బండిని పక్కకీడ్చి, ఆ దంతపు పల్లకీని గుంతలో బోర్లించి, దాని వీపు మీదుగా బండ్లు తోసిరి.

అమ్ములు చేరెను, ద్వారం నిలిచెను. కానీ ఉత్త చేతులతో అంతవరకు అడ్డునిలిచిన గొంకనాయకుడు ద్వారం దగ్గరే నేలకొరిగెను. రాజు బురద కాళ్లతో కూలబడి అతని తల ఒడిలోకి తీసుకొనెను.

"నాలుగుసార్లు చెప్పితివి కదయ్యా..."

ఆనాడే మంత్రికి సంకెళ్లు పడెను, తోరణపు రేకు ఊడెను, వీధికి రాళ్లు వచ్చెను. ఆ రాళ్లు నిన్న ఎందుకు రాలేదు? ఒక్క రోజు ముందు!

మనమూ పోలయ్యలమే. కుదుపు తెలియనీయకుండా ఇంకా మోస్తూనే ఉన్నాం. రేపు సుంకానికి వచ్చినవాణ్ణి చెయ్యిపట్టుకుని మీ వీధి గుంతలోకి దించండి. రాళ్లు ఎప్పుడు పడతాయో అక్కడే నిలబెట్టి అడగండి!