ఊపిరి పట్టుకోండి

ఆసుపత్రి నేలమాళిగలో మాకిచ్చిన గదికి కిటికీ లేదు. పట్టపగలైనా లైటు వేసుకోవాల్సిందే. అక్కడి పాత టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని నాదీ, మా తమ్ముడిదీ. ఒకప్పుడు ఊపిరితిత్తుల డాక్టరొకాయన, విద్యార్థులకు వినిపించడానికి, రోగుల ఛాతీకి మైకు ఆనించి రికార్డు చేశాడట. గోడ వారనున్న బీరువాల్లోంచి ఏ టేపు డబ్బా తీసి మూత తెరిచినా, పులిసిన వాసన గుప్పుమనేది.

ప్రతి టేపులోనూ అదే తంతు. డాక్టరు నెమ్మదిగా అంటాడు: "పీల్చండి... పట్టుకోండి... వదలండి." రోగి అలాగే చేస్తాడు. వినీ వినీ నాకు విసుగెత్తింది. తమ్ముడికి మాత్రం ఆటగా ఉండేది. హెడ్‌ఫోన్లు తగిలించుకుని, బుగ్గలు పూరించి, రోగితోపాటు తనూ ఊపిరి బిగపట్టేవాడు.

"అసలే ఉబ్బసం మనిషివి. వేషాలు మానరా," అన్నాను.

"ఉచితంగా వైద్యం జరుగుతుంటే నీకెందుకక్కా ఏడుపు?" అన్నాడు.

ఆ మధ్యాహ్నం వాడు వింటున్న టేపు పుటుక్కున తెగింది. చక్రం ఊరికే తిరుగుతోంది. తెగిన కొస టపటపా కొట్టుకుంటోంది. వాడు లేచి యంత్రం ఆపలేదు. రొమ్ము విరుచుకుని, బుగ్గలు ఉబ్బించి అలాగే కూర్చున్నాడు.

"చాల్లే. వదులు."

కళ్ళు మాత్రం నావైపు తిప్పాడు. వాటి నిండా నీళ్ళు. పెదాలు నీలంగా... హెడ్‌ఫోన్లు లాగేశాను. వీపు మీద చరిచాను. వాడి నోరు తెరిపించబోతే దవడ కదల్లేదు.

"వదలరా! నీ కాళ్ళు పట్టుకుంటాను, వదలరా..."

వాడు తల అడ్డంగా ఊపాడు. వేలితో యంత్రాన్ని చూపించాడు. అప్పుడర్థమైంది. "పట్టుకోండి" అన్న దగ్గరే టేపు తెగిపోయింది. ఆ తర్వాతి మాట వాడికి ఎవరూ చెప్పలేదు.

పొద్దున ఎక్కించిన ఫైలు కోసం వెతికాను. వాడి తల వాలిపోతోంది... దొరికింది. స్పీకరు సౌండు పెంచాను.

"వదలండి," అన్నాడు డాక్టరు.

తమ్ముడు బుస్సున ఊపిరి వదిలి నా మీదికి ఒరిగిపోయాడు. బతికాడు. వాడి తల గుండెలకు అదుముకుని భోరున ఏడ్చేశాను.

కాసేపటికి వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అక్కా..." గుసగుసగా అన్నాడు. "నేను వదిలేశాను కదా?"

"వదిలేశావురా."

"మరి... అదెవరు?"

అప్పుడు విన్నాను. బీరువాల వెనక నుంచి, సన్నగా, ఎంతకీ తెగకుండా... ఎవరో ఊపిరి వదులుతూనే ఉన్నారు.