నాలుగో మరక

"రుద్దారా?"

కొట్లోకి అడుగుపెట్టిన మనిషిని ఆమె అడిగిన మొదటి మాట అదే. చంకలో చుట్టి తెచ్చిన రగ్గును బల్ల మీద పరిచి, అతను తల గోక్కున్నాడు.

"కొంచెం అండీ."

"మరక కొంచెం, రుద్దుడు బోలెడు. కాఫీ ఒలికితే గుడ్డతో అద్దాలి గానీ అంట్లగిన్నెలా తోమకూడదు. వేడినీళ్ళు కూడా పోశారా?"

"పోశాను."

"బాగుంది. మరకకి తలంటు పోశారన్నమాట."

వెనకగదిలోంచి పిన్ని దగ్గింది. వచ్చినవాళ్ళను కాదు, రగ్గును దులుపు అని ఆ దగ్గుకు అర్థం.

అది రగ్గులు శుభ్రంచేసే కొట్టు. పిన్నీ ఆమే కలిసి నడిపే ఆ కొట్లో ఘాటైన మందులేవీ ఉండవు. తెల్ల వెనిగర్, వంటసోడా, గిన్నెలు తోమే సబ్బు, చన్నీళ్ళు, ఉతికి ఉతికి మెత్తబడిన తెల్లగుడ్డలు, అంతే. "వంటింట్లోకి రానివ్వనిది కొట్లోకి మాత్రం ఎందుకు రానివ్వాలి?" అంటుంది పిన్ని. ఒకప్పుడు మందుల ఘాటుకి ఊపిరాడక మంచమెక్కిన మనిషి ఆవిడ.

ఆమె రగ్గు మూలన ఒక వెనిగర్ చుక్క వేసి, రంగు దిగడం లేదని చూసుకుంది. వెనిగర్ కలిపిన నీళ్ళలో గుడ్డ తడిపి, మరక అంచు మీద అద్దుతూ నెమ్మదిగా మధ్యకు వచ్చింది. మధ్యలో మొదలుపెడితే మరక పక్కింటికి పాకుతుంది. అతను నిలబడి చూశాడు. గుడ్డను చూశాడో, గుడ్డ పట్టుకున్న చేతిని చూశాడో పిన్నికి తెలిసింది గానీ ఆమెకు తెలియలేదు.

అతను పక్కవీధి కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు. ఉండేది అక్కగారింట్లో. రగ్గు కూడా అక్కదే.

తరవాతి వారం అదే రగ్గు మీద టీ మరకతో వచ్చాడు. ఆపై వారం నూనె. ఆమె దాని మీద వంటసోడా చల్లి, నూనె పీల్చుకునేదాకా ఆగి, బ్రష్‌తో దులిపింది.

"ఈసారి ఎవరి ఘనకార్యం మహానుభావా?"

"మా అక్క చేతిలో ఏదీ నిలవదండీ."

పిన్ని అతనికి 'రగ్గబ్బాయి' అని పేరు పెట్టేసింది. అతనొచ్చే రోజున ఆమె గుమ్మంవైపు ఎక్కువసార్లు చూస్తోందని కూడా పిన్ని కనిపెట్టింది. అడగలేదు. అడగకపోవడం పెద్దవాళ్ళు చేసే మేళ్ళలో ఒకటి.

ఇంతలో ఎదురుగా రగ్గులు ఉతికే పెద్ద షాపు తెరిచారు. అద్దాల తలుపులు, మెషిన్లు, యూనిఫారం కుర్రాళ్ళు. వెనిగర్ వాళ్ళు మరకను దాస్తారే గానీ తీయరని వాళ్ళు ప్రచారం మొదలుపెట్టారు. ఎప్పటినుంచో వచ్చేవాళ్ళు కొందరు అటు తిరిగారు. పైగా, వీళ్ళ తప్పులు పట్టడానికి ఆ షాపువాళ్ళు సొంత మనుషుల చేత ఇక్కడికి రగ్గులు పంపిస్తున్నారని పక్కకొట్టు టైలర్ చెప్పి వెళ్ళాడు.

ఆ మర్నాడే రగ్గబ్బాయి నాలుగో మరకతో వచ్చాడు. బీట్‌రూట్ రసం. ఇంకా తడిగానే ఉంది.

ఆమె వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది ఒలికింది కాదు."

"అంటే?"

"చెయ్యి జారితే మరకకి తోకుంటుంది. జారినవైపు చుక్కలు చిందుతాయి. ఇదేమో చెంచాతో వడ్డించినట్టు గుండ్రంగా ఉంది. టీ, నూనె కూడా ఇలాగే ఉన్నాయి. నేనే పట్టించుకోలేదు. ఎదురుషాపువాళ్ళు పంపారా మిమ్మల్ని?"

మాట కటువుగానే వచ్చింది. లోపల మాత్రం, కాదంటే బాగుండునని ఉంది. కొట్టు పోతుందన్న భయంకన్నా ఇతను అలాంటివాడేమోనన్న దిగులే ఎక్కువగా ఉండడం ఆమెకే వింతగా తోచింది.

అతని చెవులు రగ్గు మీది మరక రంగుకి తిరిగాయి.

"చెంచాతోనే పోశానండీ. మొదటిరోజు కాఫీ మాత్రం నిజంగా ఒలికింది."

"మరి మిగతావి?"

"రగ్గు లేకుండా రగ్గుల కొట్టుకి ఎలా రావాలో తెలీలేదు."

"ఈ కబుర్లు కూడా వాళ్ళే నేర్పారా?" అంది గానీ, ఆమె చూపు అతని చొక్కా జేబులోని పెన్ను దగ్గర ఆగింది. "మీ జేబులోనే ఇంకు ఉందిగా. అది ఎందుకు పోయలేదు?"

"అది ఓ పట్టాన పోదటగా. కనుక్కున్నాను. పోకపోతే మీరు రోజంతా నడుం వంచి కూర్చోవాలి. అందుకే తడి ఆరకముందే తెస్తే తేలిగ్గా పోయేవి ఏరుకున్నాను."

గుడ్డ పిండుతున్న చేతులు ఆగాయి. పరీక్ష పెట్టడానికి వచ్చేవాడు కష్టమైన ప్రశ్నే తెస్తాడు. పోయే మరకల్ని వెతికి మోసుకొచ్చే గూఢచారి ఏ లోకంలోనూ ఉండడు.

"ఒరేయ్! నువ్విక్కడున్నావా!"

గుమ్మంలో ఒకావిడ. ముక్కు చూస్తే అతని అక్కేనని ఎవరైనా చెబుతారు.

"అమ్మాయీ, నీ చెయ్యి మంచిదే, కాదనను. కానీ నువ్వు అద్దినచోటల్లా రగ్గు కొత్తదైపోయింది, మిగతాదంతా పాతదే. ఇంట్లో చిరుతపులి తోలు పరిచినట్టుంది! పైగా నా చేతిలో ఏదీ నిలవదని వీడు చెప్పాడని మీ పిన్ని అంది, నిజమేనా?"

"చెప్పారండీ," అంది ఆమె, నవ్వు ఆపుకుంటూ. "రగ్గంతా ఉతికితే రంగు కలిసిపోతుంది."

"ఉతుకు. వీణ్ణి కూడా పనిలో పెట్టుకో. వీడి సంగతి నేనూ మీ పిన్నీ మాట్లాడుకుంటాం."

పిన్ని అప్పటికే కుర్చీ జరిపి పెట్టింది.

తడిసిన రగ్గు ఒక మనిషికి లొంగదు. సబ్బునీళ్ళు పిండేశాక ఆమె ఒక కొస, అతను ఒక కొస పట్టుకుని డాబా మెట్లెక్కారు. అతను వెనక్కి నడుస్తూ.

"మెట్టు చూసుకోండి."

"మీరు చెబుతారుగా."

"నన్ను చూడడం మానేస్తే మీకే కనిపిస్తుంది."

పిట్టగోడ మీద ఆరేశారో లేదో, వాన మొదలైంది. అతను కంగారుపడ్డాడు.

"తీసేద్దామా?"

"ఉండనివ్వండి. మిగిలిన సబ్బు పోతుంది. మంచినీళ్ళకు మించిన మందు మా దగ్గర లేదు."

ఇద్దరూ మెట్లగది చూరు కింద నిలబడ్డారు. చూరు చిన్నది.

"రేపటికి ఆరుతుందా?"

"ఆరదు. లావు రగ్గు. రోజూ తిప్పెయ్యాలి. ఒక్కదాన్నే తిప్పలేను."

"రోజూ వస్తాను." అతను చూరు నీళ్ళకింద అరచెయ్యి పట్టాడు. "మరి ఆరిపోయాక?"

కింద పిన్నీ అక్కా ఎందుకో గట్టిగా నవ్వారు. ఆమె వానవైపే చూస్తూ అంది:

"ఆరాక కూడా."