బామ్ టీ

"రూయీ! ఆ బుట్ట పక్కన పెట్టి ఇటు రా!"

తాతయ్య కేకకు రూయీ ఎగిరి గంతేసింది. ఆ పిలుపు కోసం ఆ పిల్ల మూడు వేసవులుగా గుమ్మం బయటే కాచుకుని ఉంది మరి.

చైనాలోని ఫూజౌలో మిన్ నది ఒడ్డున వాళ్లది మల్లెల టీ చేసే ఇల్లు. మధ్యాహ్నం ఎండలో కోసిన మొగ్గలు చీకటి పడేవేళకు విచ్చుకుంటాయి. అప్పుడు వాటిని గ్రీన్ టీ ఆకుతో కలిపి గుట్ట పోస్తారు. తెల్లారేసరికి ఆకు ఆ పరిమళమంతా పీల్చేసుకుంటుంది. పూలను జల్లించి తీసేసి, ఆకును ఆరబెట్టి, మళ్లీ కొత్త పూలు కలుపుతారు. ఈ ఆకుకు ఇవాళ ఏడోసారి.

"పదేళ్లు నిండాయిగా. నువ్వూ చెయ్యి పెట్టు" అన్నాడు తాతయ్య.

"ఇదా? గుట్టలో తుమ్ముతుంది చూడు!" అన్నాడు అన్నయ్య జెన్‌హై.

"నువ్వు తుమ్మలేదేంట్రా పోయినేడు? నోర్ముయ్!" అని గదిమాడు తాతయ్య.

రూయీ మోకాళ్ల మీద కూర్చుని, మోచేతుల దాకా చేతులు పెట్టి కలపసాగింది. పూలు మెత్తగా తగులుతున్నాయి. తన చేతులతో తన ఇంటి టీ! ఎంత గర్వంగా ఉందో!

అంతలో ఏదో ఘాటు వాసన ముక్కుకు తగిలింది.

బామ్! మధ్యాహ్నం తోటలో దోమలు కుట్టాయని చేతుల నిండా రాసుకుంది. కడుక్కోవడం మర్చేపోయింది.

రూయీ చేతులు వెనక్కి దాచుకుంది. ఎవరూ గమనించలేదు. చెబితే మళ్లీ గుమ్మం బయటే. కానీ టీ ఆకుకు మంచి వాసన, చెడ్డ వాసన అని తేడా లేదు, ఏదైనా పీల్చేస్తుంది. నెల రోజుల కష్టమంతా పాడైపోతుంది.

జెన్‌హై చెక్కపార పట్టుకుని ఆ భాగాన్ని మిగతా గుట్టలోకి లాగబోయాడు.

"అన్నయ్యా, ఆగు! కలపకు!" రూయీ పారకు అడ్డం వచ్చింది. "తాతయ్యా, నా చేతులకు బామ్ ఉంది."

తాతయ్య ఒక గుప్పెడు తీసి వాసన చూశాడు. జెన్‌హై కూడా చూశాడు.

"మల్లె వాసనే కదే!"

"కాదన్నయ్యా. ఇదిగో, ఇక్కడి దాకా బామే." రూయీ గుట్ట మీద వేలితో గీత గీసింది.

తాతయ్య సరిగ్గా ఆ గీత దగ్గరే విడదీసి, రెండు గంపల ఆకు పక్కకు తీయించాడు. "నువ్విక బయటికి పో" అన్నాడు. రూయీ కుళాయి దగ్గర కూర్చుని ఏడ్చింది.

పొద్దున ఆ రెండు గంపల్లోంచీ బామ్ గుప్పున కొట్టింది. మిగతా గుట్ట మాత్రం అచ్చంగా మల్లెలే. ఒక్క ఆకు చెడలేదు.

"గీత గీసింది మా మనవరాలు!" అని తాతయ్య వీధి వీధంతా చాటాడు. బామ్ టీ ఇంట్లోవాళ్ల వాటాకు వచ్చింది.

"తాగండి, తాగండి. ఇక దోమలు మన దరిదాపులకు రావు" అన్నాడు జెన్‌హై, మొహం చిట్లించి మింగుతూ.

నాలుగు రోజులకు ఆఖరిసారి పూలు కలపాల్సి వచ్చింది. రూయీ వట్టి నీళ్లతో మూడుసార్లు చేతులు కడుక్కుని, వాసన చూసుకుని, లోపలికి వెళ్లేవాళ్ల చేతుల తనిఖీకి గుమ్మంలో నిలబడింది. పనివాళ్లు, జెన్‌హై కూడా చేతులు వాసన చూపించి లోపలికి వెళ్లారు. చివరికి తాతయ్య వచ్చాడు.

"చేతులు తాతయ్యా."

"నావి కూడానా?" అంటూనే చాపాడు.

"చేప తిన్నావు. కడుక్కుని రా."

లోపల అందరూ పని ఆపి చూశారు.

"నలభై ఏళ్లలో ఈ గుమ్మంలో నన్ను ఆపినవాళ్లు లేరు, చూశారా?" అని మురిసిపోతూ తాతయ్య కుళాయి వైపు నడిచాడు.

"సబ్బు ముట్టుకోకు తాతయ్యా! అదీ వాసనే!" అని వెనక నుంచి అరిచింది రూయీ.