మధ్యాహ్నం ఒకటిన్నరకు గడ్డపార

జూలై. మధ్యాహ్నం ఒకటిన్నర. గల్ఫ్ దేశంలో, గుదైబియా అనే పేటలో ఒక కెఫటేరియా ముందు మనిషి మాయమయ్యాడు.

కెమెరాలో అంతా ఉంది. పసుపు జాకెట్లు, హెల్మెట్లు, మొహాలకు గుడ్డలు. ముగ్గురు రోడ్డు తవ్వుతున్నారు. ఆ మనిషి, ఒకప్పటి సైనిక కర్నల్, అటుగా వచ్చాడు. గడ్డపారలు పడేశారు. అతన్ని వ్యాన్‌లోకి తోశారు. ఖలాస్.

పది రోజులకు అతను యూరప్‌లో ఒక కోర్టు బోనులో తేలాడు. పదేళ్ళ కిందట ఎక్కడో యుద్ధంలో అతను కూలీలను బందీలుగా పట్టి, వాళ్ళ చేతే గుంతలు తవ్వించి, అందులోనే కాల్పించిన కేసు.

కర్నల్ లాయర్లు చచ్చినవాళ్ళను వదిలేసి అరెస్టును పట్టుకున్నారు. వారంట్ లేదు. ఎత్తుకొచ్చింది ఆ కోర్టున్న దేశం పోలీసులే అయితే కేసు కొట్టేయాలన్నారు. పోలీసులు కాని బయటివాళ్ళయితే విచారణ సాగొచ్చు.

ఎవరో తేల్చమని కోర్టు పరమేశ్‌ను పెట్టింది. కాకినాడలో సీఐగా చేసి, ఇప్పుడు గుదైబియా పక్కనే హూరాలో డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్నాడు.

తేల్చడానికేముంది? గంగన్న తనంతట తానే వచ్చాడు. కర్నల్ చేతిలోంచి బతికి బయటపడ్డ కూలీ అతనొక్కడే. వెంట బాధితుల లాయరు ఇంద్రజ.

"ఎవరు ఎత్తుకెళ్ళారు?"

"నేనే సార్. మా లేబర్ క్యాంపోళ్ళు ఇద్దరు నాతోని."

"ఎందుకు?"

"మా తమ్ముడు ముత్యంను నా కండ్ల ముందట కాల్పిచ్చిండు. ఇంకా ఎందుకని అడుగుతున్నవా?"

"ఒప్పుకున్నాడుగా. ఇంకేం కావాలండీ మీకు?" ఇంద్రజ విసుక్కుంది.

పరమేశ్ ఆమె వైపు చూడలేదు.

"ఇక్కడికొచ్చి ఎన్నేళ్ళయింది గంగన్నా?"

"తొమ్మిదేండ్లు. రోడ్డు పనే."

"జూలైలో ఒకటిన్నరకు నీకు డ్యూటీ ఉంటుందా?"

గంగన్న కిటికీలోంచి బయటి ఎండను చూశాడు.

"ఎండాకాలం పన్నెండు నుంచి నాలుగు దాకా బయట పని బంద్. గవర్నమెంటు రూలు. తొమ్మిదేళ్ళు ఆ టైంలో రూములో పడుకున్నోడివి. దొంగతనంగా మనిషిని ఎత్తుకెళ్ళాలంటే అప్పుడే రోడ్డు కూలీ వేషం వేస్తావా? వేసింది ఈ రూలు తెలియని పరాయి దేశంవాళ్ళు. ఇక్కడ కర్నల్ మొహం గుర్తుపట్టగలిగేది నువ్వొక్కడివే. అతను ఇక్కడున్నాడని ఎవరికి చెప్పావు?"

గంగన్న నిజం చెప్పేశాడు.

"ఆ కోర్టున్న దేశం పోలీసు ఆఫీసరుకు. వాళ్ళే పట్టుకపోయిండ్రు."

ఇంద్రజ తల పట్టుకుంది.

"నీకేం పోయింది సార్? నన్ను జైల్ల ఏస్తరు, వాణ్ని ఇడువరు. నాకు మంచి బేరమే గదా!"

"ఏం బేరమయ్యా! కళ్ళారా చూసిన సాక్షివి నువ్వు. ఈ అబద్ధాన్ని వాళ్ళ లాయరు అరగంటలో పీకేస్తాడు. ఆ తర్వాత ముత్యం చావు కూడా అబద్ధమే అంటాడు."

"నిజం చెప్తే ఇడుస్తరా?"

"విడవొచ్చు."

గంగన్న తన స్టేట్‌మెంట్ వెనక్కి తీసుకున్నాడు.

పరమేశ్ ఉన్నదున్నట్టే రిపోర్టు పంపాడు. జడ్జీలు అరెస్టు తప్పన్నారు. నేరం పెద్దది కాబట్టి కర్నల్‌ను వదిలేది లేదన్నారు. కానీ ఆ తప్పుకు పరిహారంగా, శిక్ష పడితే అందులో కొన్నేళ్ళు తగ్గిస్తారట.

"పోలీసోళ్ళ తప్పుకు వాని శిక్ష తగ్గిస్తరా?" ఫోన్లో గంగన్న.

పరమేశ్ రిపోర్టు ఫైలు మూసి పక్కన పెట్టాడు.

"సాక్ష్యానికి వెళ్తావా?"

"పోత. ముత్యం ఎట్ల సచ్చిండో చెప్పేటోడు ఇంకెవడున్నడు సార్?"